కాలి సమ్మెట ఎవరికి పనికొస్తుంది?

కమ్మరి కొలిమిలో కాలితో తొక్కే సమ్మెట పెడితే లాభమా, దండగా? కోనసీమలో ఒక ఊళ్ళో ఈ విషయం మీద రెండు గంటలు చర్చ జరిగితే నేనూ కూర్చుని విన్నాను. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు దాని బొమ్మ గీసుకుని తెచ్చారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండుమంది కమ్మరులు వచ్చారు. అందరూ మగవాళ్ళే. మాకు టీ గ్లాసులు అందించి గుమ్మం పక్కన నిలబడినామె ఆ కొలిమిలో పదహారేళ్ళుగా సమ్మెట కొడుతున్న మనిషి. ఆ రెండు గంటల్లో ఆమెని ఎవరూ ఒక్క మాట అడగలేదు.

చివరికి పెద్దాయన ఒకాయన తేల్చేశాడు. "మాకెందుకండీ ఇది? మా ఆడోళ్ళున్నారు కదా." అందరూ నవ్వారు. సంస్థ వాళ్ళు కాగితం మీద 'లబ్ధిదారులు ఆసక్తి చూపలేదు' అని రాసుకుని జీపెక్కారు.

ఆ వాక్యం గురించే నా తగాదా.

ముందు ఆ వస్తువు ఏమిటో చెప్పాలి. ఒక నిలువు ఇనుప స్తంభం, దానికి ఊగే చెయ్యి, చెయ్యి చివర పాతిక ముప్పై కిలోల దిమ్మె, కింద తొక్కుడు చెక్క. తొక్కితే దిమ్మె దాగలి మీద పడుతుంది, కాలు తీస్తే స్ప్రింగు దాన్ని పైకి లాగేస్తుంది. కరెంటు అక్కర్లేదు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి గనక ఒక చేత్తో పటకారు, రెండో చేత్తో ఉలి పట్టుకుని ఒక్క మనిషే పని చేసుకోవచ్చు. అంటే సమ్మెట కొట్టే రెండో మనిషి అవసరం ఉండదు.

మన పల్లెల్లో ఆ రెండో మనిషి ఎవరు? ఒకప్పుడు తమ్ముడో, కొడుకో, జీతగాడో. ఇప్పుడు కొడుకులు హైదరాబాదులో వెల్డింగు పనికో, గల్ఫుకో పోయారు. చాలా కొలుముల్లో మిగిలింది భార్య. తెల్లవారుజామున ఇంటి పని, తర్వాత తిత్తి ఊదడమో, గిరక పంకా తిప్పడమో, తర్వాత నాలుగైదు కిలోల సమ్మెట. గునపం మొన సాగదీయాలంటే ఒక్కో కాకకి పదిహేను ఇరవై దెబ్బలు పడాలి. ఇనుము చల్లారేలోపు పడాలి. భర్త చిన్న సుత్తితో ఎక్కడ తాటిస్తే అక్కడే, ఎంత గట్టిగా తాటిస్తే అంత గట్టిగా ఆమె కొట్టాలి. ఆయన సుత్తి దాగలి మీద పక్కకి పడితే ఆపాలి. గురి అంగుళం తప్పితే ఆయన చెయ్యి పోతుంది. దీన్ని 'సాయం చేయడం' అంటున్నాం. లారీ కమాను పట్టీని కత్తిగా మార్చే పనిలో సగం దెబ్బలు ఆమెవి అయితే, ఆ కత్తి ఆయన చేసిన కత్తి ఎలా అయింది?

సర్కారు లెక్కల్లోనూ ఇదే సంగతి. జాతీయ శ్రామిక సర్వేల్లో ఇలాంటి స్త్రీకి ఒక గడి ఉంది: కుటుంబ వ్యాపారంలో జీతం లేని సహాయకురాలు. మేర ధాన్యం ఇచ్చే రోజుల్లోనూ గింజలు కొలిచింది మగవాడి పేరు మీదే.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి 2024–25లో రోజుకి 300 రూపాయలు. మట్టి తవ్వే పనికి ప్రభుత్వమే కట్టిన ధర అది. నెలకి పన్నెండు రోజులే సమ్మెట పని ఉందనుకున్నా ఏడాదికి 144 రోజులు, 43,200 రూపాయలు. పదహారేళ్ళకి ఎంతో మీరే వేసుకోండి. ఈ అంకె ఆ చర్చలో ఎక్కడా రాలేదు. కాలి సమ్మెట ఖరీదు ఒక పక్క రాశారు, రెండో పక్క సున్నా పెట్టారు. సున్నా కంటే చౌకగా ఏ యంత్రమూ తయారు కాదు. 'పనికిరాదు' అన్న తీర్పు ఇనుము గురించి కాదు, ఆ సున్నా గురించి.

పనిముట్లు ఇచ్చే పథకాలు చూడండి. 1992 జూలైలో గ్రామీణ చేతివృత్తుల వారికి మెరుగైన పనిముట్లు ఇచ్చే కేంద్ర పథకం వచ్చింది. రెండు వేల రూపాయల దాకా సామాను, పది శాతం వృత్తిదారుడు కడితే చాలు. అందులోంచి నేతపనివాళ్ళని, కుట్టుపని, అల్లిక, బీడీ పని చేసేవాళ్ళని తప్పించారు. స్త్రీలు ఎక్కువగా ఉన్న పనులు ఏవో మీకు వేరే చెప్పాలా? 2023 సెప్టెంబరు 17న పి.ఎం. విశ్వకర్మ పథకం వచ్చింది. పద్దెనిమిది వృత్తులు, అందులో కమ్మరం ఒకటి. పనిముట్లకి 15,000 రూపాయలు, శిక్షణ రోజుల్లో రోజుకి 500, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షలు అప్పు. బాగానే ఉంది. కానీ కుటుంబానికి ఒక్కరికే. కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు. ఒకే కొలిమిలో ఇద్దరు కమ్మరులుంటే ఆ ఒక్కరు ఎవరవుతారో అడగక్కర్లేదు. స్త్రీ దరఖాస్తు పెట్టకూడదని ఎక్కడా లేదంటారు అధికారులు. లేదు, నిజమే. రాయకుండానే జరిగిపోయే పనికి రాత ఎందుకు?

ఆడవాళ్ళకి కాలితో తొక్కేదేదైనా ఇవ్వాలంటే మన వ్యవస్థకి తోచేది ఒక్కటే, కుట్టు మిషను. డ్వాక్రా రోజుల నుంచీ ఇంతే. వితంతువుకి కుట్టు మిషను, వదిలేసిన ఆడమనిషికి కుట్టు మిషను. ఊళ్ళో జాకెట్లు కుట్టించుకునేవాళ్ళ కంటే కుట్టేవాళ్ళు ఎక్కువైనా సరే. పదహారేళ్ళు ఇనుము కొట్టిన మనిషి భర్త పోతే ఆమె చేతికీ సూదే ఇస్తారు.

ఇంతవరకూ చదివి, అయితే కాలి సమ్మెట ఊరూరా పంచుదాం, స్త్రీల చాకిరీ తగ్గుతుంది అనే మిత్రులకి కూడా నా అభ్యంతరం ఉంది. ఈ 'చాకిరీ తగ్గింపు' అనే మాట మన సంస్థల్లో బాగా చెలామణీ అవుతోంది. గోదావరి డెల్టాలో వరి మిల్లులొచ్చాక రోకటిపోట్ల బాధ పోయింది, దానితోపాటు ఆ దంపుడు కూలి మీద బతికిన ఆడవాళ్ళ నూకలూ పోయాయి. కోత మిషన్లు వచ్చాక నడుము వంచే బాధ తగ్గింది, కోత కూలీ తగ్గింది, కమ్మరికి కొడవళ్ళ పనీ తగ్గింది. ఆ నష్టపడ్డ కొలిమిలోకే ఇప్పుడు మనం యంత్రం పట్టుకుని వెళ్తున్నాం. ఒక మనిషి శ్రమని తీసేసే యంత్రం ఆ మనిషికి విముక్తి అవుతుందా, వెళ్ళగొట్టడం అవుతుందా అన్నది, యంత్రం ఎవరి పేరున ఉంది, దాని మీద సంపాదన ఎవరి చేతికి వస్తుంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇది కొత్త వస్తువేమీ కాదు. ఇంగ్లండులో బర్మింగ్‌హాం పక్క ఇనుప పనుల ప్రాంతంలో దీన్ని 'ఆలివర్' అనేవారు. మేకులు చేసే ఆడవాళ్ళు 19వ శతాబ్దంలోనే దాన్ని తొక్కారు, తొక్కుతూనే పస్తులున్నారు. ఆ ప్రాంతంలోనే క్రాడ్లీ హీత్‌లో గొలుసులు చేసే స్త్రీలకి 1909 చట్టం కింద గంటకి రెండున్నర పెన్నీల కనీస కూలి ఖాయమైతే, యజమానులు దాన్ని ఎగవేయడానికి 'మాకు ఆ కూలి వద్దు' అనే కాగితాల మీద సంతకాలు చేయించుకున్నారు. చదువు రాని వాళ్ళు ఎందరో అందులో ఏముందో తెలియకుండానే గుర్తు పెట్టారు. 1910లో మేరీ మెకార్థర్ నాయకత్వంలో వందలాది స్త్రీలు పది వారాలు సమ్మె చేసి ఆ కూలి సాధించారు. వాళ్ళ బతుకు మార్చింది కాలి సమ్మెట కాదు, సమ్మె. వేలిముద్రలు వేయించుకునే సమావేశాలకి వెళ్ళే మనకి ఆ సంతకాల కథ కొత్తగా ఉండదు.

జీపు వెళ్ళిపోయాక నేను ఉండిపోయాను. ఆ బొమ్మ కాగితం ఆమె ముందు పెట్టి అడిగాను. ఆమె చేతులు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"గునపం సాగదీయడానికి ఇది చాలదండీ. అన్ని దెబ్బలకి ఒంటికాలి మీద నిలబడితే తుంటి పోద్ది" అంది. "ఎర్రగా ఉన్నప్పుడు ఉలి పెట్టి నరకడానికి బాగుంటది. గొడ్డలికి కన్ను పొడవడానికి ఇంకా బాగుంటది. ఇప్పుడు ఉలి ఆయన పట్టుకుంటే నేను కొట్టాలి, నా గురి మీద ఆయనకి నమ్మకం ఉండాలి. దీనికైతే ఎవరి నమ్మకం అక్కర్లేదు." తర్వాత వేలుతో చూపించింది. చెయ్యి గుండ్రంగా ఊగుతుంది గనక ఒక మందం దగ్గరే దిమ్మె చదునుగా పడుతుంది, మందం మారితే అంచు తగిలి ఇనుము ఒంకరపోతుంది. జంట చేతులతో నిటారుగా దిగే రకం కూడా ఉందని నేను చెబితే, కీళ్ళు ఎక్కువైతే అరుగుదలా ఎక్కువే అంది. పునాది సంగతి కూడా ఆమే ఎత్తింది. వాళ్ళది కాలవగట్టు మీద పాక, పోరంబోకు. కింద మెత్తటి నల్లమట్టి. సిమెంటు దిమ్మ పోయకపోతే యంత్రం గెంతుతుంది, పోస్తే రేపు ఖాళీ చేయించేవాళ్ళు వచ్చినప్పుడు అదీ పోతుంది.

పదకొండుమంది మగవాళ్ళు రెండు గంటల్లో చెప్పనివి ఆమె పది నిమిషాల్లో చెప్పింది. మూడో కానుపుకి ముందు ఏడో నెలదాకా సమ్మెట కొట్టానని, తర్వాత గర్భసంచి జారితే ఆపరేషను చేశారని కూడా మధ్యలో, ఇనుము గురించి చెప్పినట్టే చెప్పింది. గర్భసంచి తీసేసే ఆపరేషన్లు దేశంలో అత్యధికంగా జరిగిన రాష్ట్రాల్లో మనదొకటని 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వాటిలో ఎన్నిటి వెనక ఇలాంటి బరువులున్నాయో అడిగినవాళ్ళు లేరు.

"మరి మీకు పనికొస్తుందా?" అన్నాను.

"ఆయనకి పనికిరాదండీ, నేనున్నాను కాబట్టి" అంది. "ఆయన లేకపోతే నాకు పనికొస్తది."

ఆ పక్క ఊళ్ళోనే భర్త పోయిన ఒకామె కొలిమి నాలుగేళ్ళుగా మూతపడి ఉంది. పని రాక కాదు, పటకారు పట్టుకుంటే సమ్మెట కొట్టేవాళ్ళు లేక. మగవాడికి సమ్మెట కొట్టే భార్య దొరుకుతుంది, ఆడదానికి సమ్మెట కొట్టే మొగుడు దొరకడు. ఆమె చర్చకి పిలుపే రాలేదు, 'కమ్మరుల' జాబితాలో ఆమె పేరు లేదు గనక.

అందుకని ఆ సంస్థకి రాసిన ఉత్తరంలో యంత్రం మంచిదనో చెడ్డదనో నేను రాయలేదు. ఆ జిల్లాలో కొలుముల్లో సమ్మెట కొడుతున్న స్త్రీల జాబితా ముందు తయారుచేయమన్నాను. మూతపడిన ఆ కొలిమిలో ఒకటి పెట్టి ఒక పంట కాలం చూడమన్నాను, యంత్రం ఆమె పేరునే ఉండాలన్నాను. కుటుంబానికి ఒక్కరే అనే నిబంధన మీద మనం అన్ని సంఘాల తరఫునా అర్జీ పెట్టాలి. ఒకే కొలిమిలో ఇద్దరు పనిచేస్తుంటే ఇద్దరినీ వృత్తిదారులుగా నమోదు చేయాలి. ఇంకొకటి ఆ బొమ్మ చూసిన ఆమె రాయమన్నది: తొక్కుడు చెక్క మగవాడి కాలి కొలతకి గీశారు, నాలుగు వేళ్ళు కిందికి దించమని.