సోషియాలజీ చదువులో ఊరేది?

పీజీలో సోషియాలజీ తీసుకున్న పిల్లలను చుట్టాలు అడిగే మొదటి మాట, దానికి ఉద్యోగాలుంటాయా అని. అప్పు చేసి చదివించే ఇళ్లలో ఆ మాట రాకుండా ఎలా ఉంటుంది? మన విశ్వవిద్యాలయాలు చెప్పే జవాబే నాకు బాధగా ఉంది. సివిల్స్‌లో ఆప్షనల్‌గా పనికొస్తుందని సరిపెడుతున్నాయి. మెయిన్స్‌లో ఆప్షనల్‌కు 500 మార్కులున్న మాట నిజమే. కోచింగ్ సెంటర్ నోట్సుతో తెచ్చుకోగల మార్కులకు రెండేళ్ల ఎంఏ దేనికి?

ఈ చదువుకు ప్రాణం ఫీల్డ్‌వర్క్. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి.దూబే 1950ల మొదట్లో శామీర్‌పేటను అధ్యయనం చేశారు. వ్యవసాయ, వైద్య, పశువైద్య విభాగాల వాళ్లూ ఆ ఊళ్లో పనిచేశారు. 1955లో ఆయన పుస్తకం ‘ఇండియన్ విలేజ్’ వచ్చింది. ఇప్పుడు ఔటర్ రింగు రోడ్డు పక్కన ఆ ఊరు పోల్చుకోలేనంత మారిపోయింది. మళ్లీ వెళ్లి చూడాల్సింది మన విద్యార్థులు కాదా?

ఊరికి వెళ్తే ఏం తెలుస్తుంది? నిజామాబాద్ వైపు ఏ ఇంటికైనా వెళ్లి ‘ఏం పని చేస్తవమ్మా’ అని అడగండి. ‘ఏం లేదు, ఇంట్లనే ఉంట’ అంటుంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, మాట్లాడుతూనే బీడీలు చుడుతున్న వేళ్లు. ఇంటి యజమాని ఎవరంటే గల్ఫ్‌లో ఉన్న భర్త పేరు చెబుతుంది. ఫారం నింపుకొని పోయేవాడికి ఆమె గృహిణి. చాట వంక చూసి రెండో ప్రశ్న వేసేవాడే సమాజశాస్త్రం చదివినవాడు.

ఈ నేర్పుకు పని లేకపోలేదు. ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లో సామాజిక తనిఖీలు మొదలుపెట్టింది. మస్టర్ రోల్‌లో పేరున్న కూలీ ఇంటికే వెళ్లి, పనికి వెళ్లావా, డబ్బు ఎంత ముట్టింది అని అడిగి, తేలిన సంగతులను ఊరందరి ముందూ చదవడం చిన్న విద్య కాదు. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనాను తప్పనిసరి చేసింది. ఆ తరవాత రెండు తెలుగు రాష్ట్రాలూ చట్టాన్ని సవరించి, కొన్ని రకాల ప్రాజెక్టులను ఆ అంచనా నుంచి మినహాయించే వీలు కల్పించుకున్నాయి. ఉద్యోగాల చర్చలో ఎవరూ ఎత్తని విషయం ఇది. జనం మాట వినాలన్న ఉద్దేశం ప్రభుత్వానికి ఉంటేనే ఈ చదువుకు కొలువు దొరుకుతుంది. భూమి పోగొట్టుకునే ఊరికీ, కొలువు లేని ఈ పట్టభద్రుడికీ నష్టం ఒకే నిర్ణయం వల్ల వస్తోంది.

2027 జనగణనలో కులాన్నీ లెక్కించాలని కేంద్రం నిర్ణయించింది. అంకెలు వచ్చాక వాటి అర్థం చెప్పేవాళ్లు మండలానికొకరైనా కావాలి. అందుకే ఎంఏలో ఒక సెమిస్టర్ మొత్తం ఊళ్లో గడపాలన్న నిబంధన పెట్టండి. ఆ విద్యార్థుల బస ఖర్చు, ప్రయాణ ఖర్చు విశ్వవిద్యాలయమే భరించాలి. లేకపోతే పేదింటి పిల్లలు మళ్లీ నోట్సు దగ్గరే ఆగిపోతారు.