కొలవకుండా ఫోర్కు మార్చకండి!

సైకిలు కొట్ల యజమానులకు, మెకానిక్ అన్నలకు, బడిపిల్లల తల్లిదండ్రులకు:

మొన్న మా పేటలో కాలవ వంతెన దిగుతూ తొమ్మిదో తరగతి పిల్లాడు బోర్లాపడ్డాడు. మణికట్టు విరిగింది. రోడ్డు బాగాలేదన్నారు, స్పీడన్నారు. ఆ సైకిలు నేను చూశాను. హ్యాండిల్ గొట్టం నుంచి పెడళ్ల వైపు దిగే గొట్టం ఉంటుందే, ఆ రెండూ కలిసే అతుకు కింద ఫ్రేము నోరు తెరిచింది. పగులులో సగం మేర తుప్పు. అంటే ఆ పగులు ఆనాటిది కాదు. ముందు చక్రాన్ని పట్టుకునే మామూలు ఫోర్కు తీసి పొడుగు షాకప్ ఫోర్కు బిగించినప్పుడే ఆ ఫ్రేముకు కాలం మూడింది.

చక్రం పట్టిందా, గొట్టం దూరిందా? కొట్లో చూసేది ఈ రెండే. ఇరుసు నుంచి ఫోర్కు నెత్తి దాకా టేపు పెట్టి కొలిచిన కొట్టు మన ఊళ్లో నాకు కనబడలేదు! 26 అంగుళాల చక్రానికి మామూలు ఫోర్కు 40 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. షాకప్‌ది 46, 47. ముందు ఆరు సెంటీమీటర్లు లేస్తే ఫ్రేమంతా వెనక్కి వాలుతుంది. 71 డిగ్రీలున్న హ్యాండిల్ గొట్టం 68కి దిగుతుంది. ఆ గొట్టం వాలుగా నేల దాకా గీత గీస్తే, అది నేలను తాకే చోటుకీ టైరు ఆనే చోటుకీ మధ్య దూరం సుమారు 66 మిల్లీమీటర్ల నుంచి 85కి పెరుగుతుంది. దీన్నే ట్రెయిల్ అంటారు. ఇది పెరిగితే మెల్లగా పోతున్నప్పుడు హ్యాండిల్ తనంతట తనే పక్కకు ఒరుగుతుంది, వేగంలో తిప్పితే మొరాయిస్తుంది. పెడళ్లు రెండు సెంటీమీటర్లు పైకి లేస్తాయి. సీటు వెనక్కి పోయి ముందు చక్రం మీద బరువు తగ్గుతుంది, మలుపులో పట్టు జారుతుంది. పైగా, పొడుగు గునపంతో బండను పెకలించినట్టు ప్రతి గతుకూ హ్యాండిల్ గొట్టం దగ్గరి ఆ అతుకును పెకలిస్తుంది.

1990 ప్రాంతంలో అమెరికాలో రాక్‌షాక్స్ కంపెనీ షాకప్ ఫోర్కులు వచ్చినప్పుడూ ఇదే తంటా. అక్కడ ఏం చేశారు? పొడుగు ఫోర్కుకు తగ్గట్టు ఫ్రేములే మార్చి కట్టారు. ఫ్రేమే మార్చాల్సిన పనిని మన కొట్లలో ఒక పానాతో కానిచ్చేస్తున్నారు. డబ్బు తీసుకుని పిల్లల ఎముకలతో ఆడే హక్కు మీకెవరిచ్చారు? చవక షాకప్‌లో స్ప్రింగే తప్ప, దాన్ని అదుపు చేసే నూనె ఉండదు. ముందు బ్రేకు పట్టగానే కుంగుతుంది.

గతుకులకు చేతులు లాగుతాయంటారా? లావు టైరు వేసి గాలి కాస్త తగ్గించండి. కుర్రాళ్లు మోజుపడుతున్నారా? పెద్దవాళ్లం మనమెందుకున్నాం?

పాత ఫోర్కు పక్కన కొత్తది నిలబెట్టండి. మనిషి బరువుకు కుంగేది పోను తేడా సెంటీమీటరు దాటితే వేయకండి. రెండు పొడవులూ బిల్లు మీద రాయండి. ఆ అంకెలు లేకపోతే తల్లిదండ్రులు పైసా ఇవ్వకండి. ఇప్పటికే వేయించినవాళ్లు రేపు పొద్దున్నే సైకిలు తలకిందులు చేసి, ఆ అతుకు చుట్టూ గుడ్డతో తుడిచి చూడండి. రంగు మీద సన్నటి గీత కనిపించినా సరే, పిల్లల్ని ఆ సైకిలు ఎక్కనివ్వకండి.