నీళ్లు కొండెక్కాయి, పనిమంతులెక్కడ?

దీపం కొండెక్కిందంటే ఆరిపోయిందని తెలుగునాట అర్థం. నంద్యాల జిల్లా పాణ్యం మండలం పిన్నాపురంలో మాత్రం నీళ్లు కొండెక్కితేనే దీపం వెలుగుతుంది. అక్కడ గ్రీన్‌కో సంస్థ చేపట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుకు 2022 మే 17న శంకుస్థాపన జరిగింది. పగటి ఎండ ఇచ్చిన కరెంటుతో నీటిని పై జలాశయానికి ఎక్కించడం, పొద్దుగూకాక ఆ నీటినే కిందికి వదిలి టర్బైన్లు తిప్పడం దాని కిటుకు. గడివేముల మండలం గని దగ్గర 2017 నుంచే వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. దాదాపు 6 వేల ఎకరాలు. శ్రీశైలం కుడిగట్టున 770 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఎటూ పాతదే.

ఇన్ని ఉన్నచోట ఐటీఐ పాసైన కుర్రాడికి దక్కేదేమిటి? సోలార్ పలకలు బిగించే రోజుల్లో గుంతలు తవ్వడానికి, కేబుళ్లు లాగడానికి వందల చేతులు కావాలి. బిగింపు అయిపోయాక మిగిలేది కాపలా, పలకలు కడగడం, కొద్దిమంది టెక్నీషియన్ల పని. ఆ కొద్దిమందిలో మనవాళ్లు ఉండాలన్నదే అసలు పేచీ.

సూర్యమిత్ర పేరుతో కేంద్రం 2015లో మొదలుపెట్టిన శిక్షణ 600 గంటలది. ఇంటికప్పు మీద నాలుగు పలకలు పెట్టడానికి అది పనికొస్తుంది. కానీ మోటారుగానూ జనరేటరుగానూ తిరిగే భారీ యంత్రం ముందు ఆ సర్టిఫికెట్ తెల్లముఖం వేస్తుంది. రాష్ట్రం 2024లో తెచ్చిన క్లీన్ ఎనర్జీ పాలసీ ఏడున్నర లక్షల ఉద్యోగాల మాట చెప్పింది. 2025లో కేంద్రం వెయ్యి ఐటీఐల ఆధునికీకరణకు 60 వేల కోట్ల రూపాయల పథకం ప్రకటించి, అందులో 10 వేల కోట్లు పరిశ్రమల వాటా అంది. డబ్బు సరే. కంపెనీ తన ప్లాంటు తలుపు తీయకుండా చెక్కు మాత్రం ఇస్తే దాన్ని భాగస్వామ్యం అనలేం, చందా అనాలి.

నంద్యాలలో 'స్కిల్' అనగానే 2023 సెప్టెంబరు 9 తెల్లవారుజామున స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో ఇక్కడే జరిగిన చంద్రబాబు అరెస్టు చాలామందికి గుర్తొస్తుంది. ఆ తర్వాత ఆయనకు బెయిలు వచ్చింది, 2024లో మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. కేసు మంచిచెడ్డలు కోర్టుల సంగతి. దాని గొడవలో పడి శిక్షణ ఊసే ఎత్తకపోవడం మాత్రం కుర్రాళ్లకే నష్టం.

నీటి సంగతి ఇంకా అన్యాయం. పంతొమ్మిదో శతాబ్దంలో ఒక ప్రైవేటు కంపెనీ తవ్విన కేసీ కెనాల్, బనకచర్ల రెగ్యులేటరు, 16.95 టీఎంసీల వెలుగోడు జలాశయం, ఆళ్లగడ్డ వైపు సాగే తెలుగుగంగ. దేశంలో ఇంత కాలువల అల్లిక ఉన్న జిల్లాలు ఎన్ని? వీటి గేట్లు ఎత్తి దించే లస్కర్లకు, పారకం కొలిచేవారికి, మోటార్లు చుట్టేవారికి పద్ధతిగా నేర్పే కోర్సు ఎవరికీ పట్టదు. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలకు అధికారం ఇచ్చారు గానీ పనిముట్టు పట్టడం నేర్పలేదు. 1906 నాటి వ్యవసాయ పరిశోధన స్థానం నంద్యాలలోనే ఉంది. పాలిటెక్నిక్, జలవనరుల శాఖ దాంతో చేతులు కలిపితే ఈ కోర్సుకు కొత్త భవనం కూడా అక్కర్లేదు.

పనిలోనే పని నేర్పే నమూనా కోసం జర్మనీ దాకా పోనక్కర్లేదు, ఆళ్లగడ్డ శిల్పుల పాకలకు వెళ్తే చాలు. అక్కడ శిష్యుడు ఉలి పట్టేది అమ్మకానికి పోయే రాతి మీదే. దెబ్బ తప్పితే నష్టం గురువుది. అందుకే గురువు ఒళ్లు దగ్గర పెట్టుకుని నేర్పుతాడు.

ఆ బాధ్యతను కంపెనీల మీద పెట్టడానికి కొత్త చట్టమూ అక్కర్లేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. గని, పిన్నాపురం, శ్రీశైలంలో ఆ లెక్కన ఎందరున్నారో, వారిలో నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలు ఎందరో జిల్లా కలెక్టరు ఏటా నోటీసు బోర్డు మీద పెట్టించాలి.