టీబీ మందులు ఆరు నెలలు ఎందుకంటే...

‘దగ్గు తగ్గింది, జ్వరం లేదు, నాలుగు కిలోల బరువు కూడా పెరిగాడు. ఇంకా నాలుగు నెలలు మందులెందుకు సార్?’ ఓపీలో తరచూ వినిపించే ప్రశ్న ఇది. అడిగేది చాలాసార్లు బాగా చదువుకున్న తల్లిదండ్రులే. ‘కోర్సు పూర్తిచేయండి’ అని ఒక్క ముక్కలో పంపేయడం దానికి జవాబు కాదు. జవాబు క్రిమి ఊపిరి తీసే తీరులో ఉంది.

అవును, బ్యాక్టీరియా కూడా శ్వాసిస్తుంది. ఆహారం నుంచి ఎలక్ట్రాన్లను లాగి, తన పొరలోని కొన్ని ప్రొటీన్ల మీదుగా చేతులు మార్చి, చివరికి ఆక్సిజన్‌కు అప్పగిస్తుంది. దానికి శక్తి వచ్చేది ఆ ప్రయాణంలోనే. అయితే ఆ ప్రొటీన్లన్నిటినీ ఎప్పుడూ తయారుచేస్తూ కూర్చోదు. చుట్టూ ఉన్న పరిస్థితిని బట్టి ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఆగాలో మారుతుంటుంది. మన పేగుల్లో ఉండే ఇ.కోలైనే చూడండి. గాలి బాగా ఆడితే ఒక రకం సైటోక్రోమ్ వాడుతుంది. ఆక్సిజన్ తగ్గితే ‘బీడీ’ అనే మరో రకం పెంచుకుంటుంది. (కాల్చే బీడీ కాదు లెండి!) ఉన్న కాస్త ఆక్సిజన్‌నైనా ఇది గట్టిగా ఒడిసిపట్టుకుంటుంది.

క్షయ క్రిమికీ ఇదే విద్య తెలుసు. మన రక్షణ కణాలు దాని చుట్టూ గోడ కడతాయి. లోపల ఆక్సిజన్ అందదు. అయినా అది చావదు. డాస్‌ఆర్ అనే స్విచ్ పడి దాదాపు 50 జన్యువులు మేల్కొంటాయి. దానితోపాటు బీడీ సైటోక్రోమ్ కూడా పెరుగుతుంది. కరెంటు పోతే ఏసీ, గీజరు ఆపేసి ఇన్వర్టర్ మీద ఒక ఫ్యాను, ఒక లైటుతో నెట్టుకొస్తాం కదా, అలాగన్నమాట. 1996లో అమెరికా శాస్త్రవేత్త లారెన్స్ వేన్ బృందం మూత బిగించిన ట్యూబుల్లో దీన్ని చూపించింది. ఆక్సిజన్‌ను ఒక్కసారిగా తీసేస్తే క్రిములు చస్తాయి. మెల్లమెల్లగా తగ్గిస్తే సర్దుకుని, విభజన ఆపి బతుకుతాయి.

ఐసోనియాజిడ్ దెబ్బకొట్టేది క్రిమి గోడ కట్టుకునే పనిని. పని ఆపేసిన మేస్త్రీకి సిమెంటు అందకుండా చేస్తే ఏం లాభం? అందుకే మొదటి రెండు నెలల నాలుగు మందులతో పెరిగే క్రిములు చాలావరకు పోయి, దగ్గు తగ్గుతుంది. మిగిలిన నాలుగు నెలలు మూడు మందులు వాడేది, నిద్రలో ఉన్నవి లేచినప్పుడల్లా పట్టుకోవడానికి. మధ్యలో మానేస్తే అవి మళ్లీ పెరుగుతాయి. మందులు ఒకరోజు వేసుకుని ఒకరోజు మానితే ఇంకా ప్రమాదం, లొంగని క్రిములు తయారవుతాయి.

మొండి టీబీకి 2012లో అమెరికాలో అనుమతి పొందిన బెడాక్విలిన్ క్రిమి శక్తి యంత్రాన్నే ఆపుతుంది. దాని ప్రభావంలోనూ తొలి రోజుల్లో క్రిమి ఇదే బీడీని పెంచుకుని తట్టుకుంటుందని ప్రయోగశాల పరిశోధనల్లో తేలింది. అంత గడుసుది!

రెండో నెల చివర కళ్లె పరీక్ష తప్పక చేయించండి. బరువు పెరిగితే మోతాదు సరిచూడమని అడగండి. వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా ఇంట్లోనే ఉండిపోవద్దు. ఆ రోజే ఆసుపత్రికి రండి, మందులు మార్చి చికిత్స కొనసాగించే వీలుంది.