నీళ్లు తాగమని చెప్పే సీసా

మొన్న సంక్రాంతికి కోడుమూరులో మా అన్నయ్యగారి మేడమీద పెద్ద సభ జరిగింది. సభ్యులు నలుగురే. హైదరాబాదు నుంచి వచ్చిన మా మేనల్లుడు, వాడి ముగ్గురు స్నేహితులు. నలుగురూ ఇంజనీర్లే. బంగారంలాంటి ఉద్యోగాలు మానేసి స్టార్టప్ కంపెనీలు పెట్టారు. కంప్యూటర్లో రాసి వదిలేసే రకం కాదట, చేత్తో పట్టుకుని చూసుకునే వస్తువులు తయారుచేసే రకమట. కాఫీలు అందించే వంకతో నేనూ అక్కడే చతికిలబడ్డాను. బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని, మరమేకుకీ మామూలు మేకుకీ తేడా తెలియనిదాన్ని. అయినా వినడానికి డిగ్రీ అక్కర్లేదు కదా.

ఒకబ్బాయి, మనం రాత్రి ఎంతసేపు నిద్రపోయామో లెక్కకట్టే ఉంగరం చేస్తున్నాడు. ఇంకొకడు, మొక్కకు దాహమేస్తే ఫోనుకు కబురుపెట్టే పూలకుండీ. మూడో అబ్బాయి, పలక్కుండా కూర్చున్నవాడు, పిల్లల బొమ్మ ఏదో. ఇక మా మేనల్లుడిది నీళ్లసీసా. గంటకోసారి వెలిగి "నీళ్లు తాగు" అని గుర్తుచేస్తుందట.

"మన ఊళ్లో దాహమేస్తే ఎవరూ చెప్పకుండానే తాగుతార్రా. ఎండాకాలంలో నీళ్లెక్కడున్నాయో చెప్పే సీసా అయితే నాకు రెండు కావాలి" అన్నాను.

అందరూ నవ్వారు. వాడొక్కడే నవ్వలేదు.

వాళ్లను ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. వాళ్ల మాటలు వింటుంటే జాలేసింది కూడా. నమూనా ఒకటి చేయడం సులువట, వెయ్యి చేయడమే గండమట. ప్లాస్టిక్ పోసే అచ్చు ఒక్కదానికే లక్షలు. అచ్చు కోశాక వెంట్రుకవాసి తేడా వస్తే మళ్లీ డబ్బే. కంప్యూటర్లో తప్పు దొర్లితే రాత్రికి రాత్రి దిద్దుకోవచ్చుగానీ, తప్పుగా తయారైన వెయ్యి సీసాలను గోడౌనులో పెట్టుకుని ఏడవాల్సిందే. నమూనాలు చేసుకోవడానికని హైదరాబాదులో టీ-వర్క్స్ అని 78,000 చదరపు అడుగుల కార్ఖానా 2023 మార్చిలో తెరిచారు. ఈ పిల్లలు అక్కడ రాత్రింబవళ్లు కూర్చుంటారట. పాపం, సోమరులు కారు. ఇంత కష్టపడే పిల్లలు ఎవరి కష్టం తీర్చడానికి పడుతున్నారన్నదే నా తగువు.

ఎందుకంటే వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ ఎదురింట్లోంచి రాట్నం చప్పుడు వినబడుతూనే ఉంది.

కోడుమూరులో గద్వాల చీరలు నేస్తారని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మీ బీరువాలో ఉన్న గద్వాల చీర గద్వాలలోనే పుట్టిందని హామీ ఏమీ లేదు. నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు. ఆ నూలునీ ఆ పట్టునీ అతికినట్టు కలిపే నేర్పు గురించి మనం పెళ్లిళ్లలో వేళ్లతో తడిమి మరీ మెచ్చుకుంటాం. కానీ నాడెలోకి వెళ్లే కండె ఎవరు చుడతారు? గుంట మగ్గంలో కూర్చుని నేసేది ఇంటాయన అయితే, పక్కన రాట్నం దగ్గర కూర్చునేది ఆయన భార్య. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో దారం పట్టాలి. పట్టు దారం బిగిస్తే తెగుతుంది, వదిలితే చిక్కుపడుతుంది. మా ఎదురింటి వదినకు యాభై ఏళ్లుంటాయి. ముప్ఫై ఏళ్లుగా తిప్పుతోంది. ఇప్పుడు ఆ చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేదు, కోడలు వేస్తుంది.

మేనల్లుడికి ఆ చప్పుడు చూపించి అడిగాను, "దీనికేమన్నా చేయరాదూ?" అని.

"మార్కెట్ లేదత్తా. వాళ్లకు కొనే స్తోమత ఎక్కడిది? పెట్టుబడి పెట్టేవాళ్లు మా మొహం కూడా చూడరు."

సరిగ్గా ఇక్కడే నాకు కోపం వచ్చింది. మగ్గానికి జకార్డు బిగించుకోవడానికి ఆ ఇంట్లోనే అప్పు చేశారు. డబ్బు లేకనా? మగ్గం మీద బిగించింది చీర ధరలో తిరిగివస్తుంది. రాట్నం మీద పెట్టింది ఏ లెక్కలోకీ రాదు. ఎందుకంటే రాట్నం తిప్పే చేతికి కూలి లేదు. ఉచితంగా దొరికే చేతికి బదులు యంత్రం ఎవరు కొంటారు చెప్పండి? భుజం నొప్పి ఆవిడది, పర్సు ఆయనది. వీళ్ల మార్కెట్ లెక్కలన్నీ పర్సు దగ్గర మొదలై పర్సు దగ్గరే ముగుస్తాయి. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణనలో నేతగాళ్లూ అనుబంధ పనివాళ్లూ కలిసి 35 లక్షల పైచిలుకు తేలారు. వారిలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లు. ఇంతమందికి మార్కెట్ లేదట, గాజుకుండీలో మనీప్లాంటుకు ఉందట!

మోటారు రాట్నాలు లేవా అంటారేమో. ఉన్నాయి. ఎదురింట్లోనూ ఒకటుంది, మంచం కింద. నూలుకు బాగానే ఉండేదట, పట్టు పెడితే పుటుక్కున తెంపేదట. బాగుచేసేవాణ్ణి పిలిస్తే రేపన్నాడు, ఆ రేపు ఇంతవరకూ రాలేదు. తయారుచేసిన మహానుభావుడు ఒక్కపూట పట్టు కండె చుట్టి చూసుంటే ఇలా అయ్యేదా?

చుట్టి చూసినవాడు ఒకాయన ఉన్నాడు. ఆలేరు దగ్గర శారాజీపేట మల్లేశం. ఏ ఇంజనీరింగ్ కాలేజీకీ వెళ్లలేదు, బడి చదువే మధ్యలో ఆగిపోయింది. వాళ్లమ్మ లక్ష్మమ్మ పోచంపల్లి చీరలకు ఆసు పోసేది. ఒక్క చీరకు దారాన్ని కొయ్యమేకుల చుట్టూ దాదాపు 9,000 సార్లు తిప్పాలి. నాలుగైదు గంటల పని. భుజాలు లాగేస్తున్నాయని ఆవిడ ఏడిస్తే, 1992లో యంత్రం మొదలుపెట్టాడు. ఊళ్లో పిచ్చివాడన్నారు, అప్పులయ్యాయి. హైదరాబాదులో కూలిపని చేసుకుంటూ, వచ్చిన డబ్బుతో ఒక్కో భాగం కట్టుకుంటూ 1999కి పూర్తిచేశాడు. గంటన్నరలో చీరకు ఆసు. దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో సినిమా తీశారు. చప్పట్లు కొట్టి ఇంటికొచ్చాం. మల్లేశం 'మార్కెట్' చూసి మొదలుపెట్టలేదు. చూసుంటే వాళ్లమ్మ భుజం ఇంకా ఆ మేకుల చుట్టూనే తిరుగుతుండేది.

గాంధీగారి కథ ఇంకా పాతది. 1929లో అఖిల భారత చరఖా సంఘం మంచి రాట్నానికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. ఆ రోజుల లక్ష! షరతులు చదివితే నాకు ముచ్చటేస్తుంది. పల్లెటూరి మామూలు గుడిసెలో పట్టాలి. చేత్తో గానీ కాలితో గానీ ఆడాలి. ఆడమనిషి ఎనిమిది గంటలు అలసట లేకుండా తిప్పగలగాలి. ధర 150 రూపాయలు దాటకూడదు. ఇరవై ఏళ్లు పనిచేయాలి. బాగుచేసే ఖర్చుకు కూడా హద్దు పెట్టారు. బహుమతి ఎవరికీ దక్కలేదు, అది వేరే సంగతి. వస్తువు తయారుచేసేముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు ఇంతకన్నా శుభ్రంగా ఎవరన్నా రాశారా?

ఇందులో నా నేరమూ ఉంది. నా నవలల్లో కనీసం ముగ్గురు నాయికలు గద్వాల చీర కట్టుకుని మెట్లు దిగారు. ఒక్కదానికీ కండె చుట్టిన చెయ్యి గుర్తురాలేదు. మరమగ్గాలు వచ్చి నేతగాళ్ల నోట్లో మట్టికొట్టాయని వ్యాసం మటుకు రాశాను. మగ్గాన్ని మింగే యంత్రం వేరు, చేతి నొప్పిని తీసే యంత్రం వేరు. ఆ తేడా అప్పుడు నాకూ తట్టలేదు.

మరునాడు మేనల్లుణ్ణి రెక్కపట్టుకుని ఎదురింటికి తీసుకెళ్లి రాట్నం ముందు కూర్చోబెట్టాను. పది నిమిషాల్లో పట్టు ఏడుసార్లు తెంపాడు. వదిన పకపకా నవ్వింది. వాడు లేచి, మంచం కింద మోటారు బయటికి లాగి, దుమ్ము తుడిచి, ఫోనులో ఫోటోలు తీసుకుని, "వేగం తగ్గించే మీట పెట్టి, దారం బిగిస్తే దానంతటదే ఆగేలా చేస్తే?" అన్నాడు.

"చెయ్యి నాయనా. కరెంటు పోతే?"

వాడు నావైపు చూశాడు.

"కరెంటు పోయినా చేత్తో తిరగాల. చెడిపోతే ఈ ఊళ్లోనే బాగుచేసేటోడు ఉండాల. ఇంగ, నేను పైటచెంగు పక్కన పెట్టుకుని కూర్చుంటా, దాంట్లో ఇరుక్కోకుండా చూడు" అంది వదిన, తెగిన దారం కొసలు వెతుక్కుంటూ.

వాడు జేబులో కాగితం కోసం తడుముకున్నాడు. దొరకలేదు. నా చేతి సంచిలోంచి రాయని నవల కాగితం ఒకటి తీసిచ్చాను.