హాల్‌మార్కు సరే, కంసాలి పేరేదీ?

ప్రొద్దుటూరులో కొన్న బుట్టకమ్మను తిప్పి చూస్తే కంటికి ఆనీ ఆనని గుర్తులు మూడుంటాయి. భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్ర, మేలిమిని చెప్పే 916 అంకె, అక్షరాలూ అంకెలూ కలిసి ఆరున్న హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్య. ఆ ఆరింటినీ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ముద్ర వేయించిన వ్యాపారి ఎవరో, ఏ కేంద్రంలో పరీక్షించారో, బంగారం ఎంత మేలిమో తెలిసిపోతుంది. కమ్మ చేసిందెవరో మాత్రం తెలియదు. రెండో బొంబాయి అని రాయలసీమ జనం మురిపెంగా పిలుచుకునే ఈ ఊళ్లోనూ అంతే.

2023 ఏప్రిల్ 1 నుంచి ఈ హెచ్‌యూఐడీ లేని నగ అమ్మకూడదన్నారు. కొనేవాళ్లకు మంచిదే. సామెతలు కూడా కంసాలిని దొంగను చేసి కూర్చోబెట్టిన చోట, గీటురాయి మీద నమ్మకం ఎప్పుడో సన్నగిల్లింది. అయితే ముద్ర బంగారాన్ని కొలుస్తుంది గానీ పనితనాన్ని కొలవదు. అచ్చు పోసి తీసిన కమ్మకూ, రోజుల తరబడి నడుం వంచి చేసిన కమ్మకూ అదే 916.

ఆ పనేమిటో దగ్గర కూర్చుని చూడాలి. పలచటి రేకును గుంటల దిమ్మెలో పెట్టి, గుండ్రటి మొన ఉన్న ఊచతో కొట్టి బుట్టగా వంచుతారు. ఆవగింజంత గుండ్లను వెలిగారం తడితో ఒక్కొక్కటే అంచున పేరుస్తారు. మాటు పెట్టి మంట ఊదుతారు. వేడి ఒక్క పిసరు ఎక్కువైతే గుండ్లన్నీ కరిగి అంచులో కలిసిపోతాయి. తగ్గితే చెవికి పెట్టుకున్న కొన్నాళ్లకే రాలతాయి. నోటితో ఊదే ఊదుగొట్టం పోయి గ్యాసు మంట వచ్చినా, ఎప్పుడు ఆపాలో చెప్పేది కన్నే. బిల్లు మీద ఇదంతా ‘తరుగు, మజూరి’ అని రెండు మాటల్లో తేలిపోతుంది. చేసినవాడి చేతికి అందులో ఎంత ముట్టిందో ఆ కాగితం చెప్పదు.

దెబ్బలు కంసాలికి కొత్త కాదు. 1963 జనవరిలో, మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా ఉండగా, 14 క్యారెట్లకు మించిన బంగారంతో కొత్త నగలు చేయకూడదని కేంద్రం నిబంధన పెట్టింది. 14 క్యారెట్ల పుస్తెలు ఎవరు కట్టించుకుంటారు? దేశమంతటా కుంపట్లు ఆరిపోయాయి, ఆత్మహత్యలూ జరిగాయి. ఆ పరిమితిని 1966లో ఎత్తేశారు. బంగారం నియంత్రణ చట్టం పూర్తిగా పోవడానికి 1990 దాకా పట్టింది.

గాజు పూసల సంగతి చూసినా ఇంతే, చేసినవాళ్లు మనకు పట్టరు. సీమకు ఇంకో కొసన, రేణిగుంట దగ్గరి పాపానాయుడుపేటలో ‘లాడ’ అనే ఇనుప గొట్టం కొసకు కరిగిన గాజు ముద్దను పట్టించి, కొలిమిలోంచి సన్నటి బోలు కడ్డీగా చేత్తో లాగేవారు. దాన్ని ముక్కలుగా తరిగి, కన్నం పూడిపోకుండా బూడిద పట్టించి, మొనలు నునుపయ్యేలా మళ్లీ కాల్చేవారు. ఆఫ్రికా నుంచి కొరియా దాకా తవ్వకాల్లో బయటపడే లాగుడు పూసల పద్ధతి ఇదే. వాటికి ఇండో-పసిఫిక్ పూసలని పేరు పెట్టి, ఈ ఊరి పనిని లోకానికి చెప్పింది అమెరికా పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్. అదీ మన శ్రద్ధ.

మళ్లీ కంసాలి పేరు దగ్గరికి వస్తే, ఇంగ్లండులో ప్రతి కంసాలీ తన సొంత గుర్తు కొట్టాలని 1363లోనే చట్టం చేశారు. ఇక్కడ కొత్తగా కనిపెట్టాల్సిందీ లేదు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల్లో కంసాలిపనినీ చేర్చి, నమోదైనవాళ్లకు గుర్తింపు కార్డు ఇస్తోంది. ఆ కార్డు నంబరును హెచ్‌యూఐడీకి జోడిస్తే చాలు. అంగళ్లవాళ్లు ఒప్పుకుంటారా అన్నదే చిక్కు. పేరు తెలిస్తే కొనేవాళ్లు నేరుగా కంసాలి గడపకే పోతారని వాళ్ల గుబులు. ఆ గుబులు నిజమే కావచ్చు, అందుకని పేరు దాచిపెట్టాలా?

రెండు గ్రాముల లోపు నగకు హాల్‌మార్కు తప్పనిసరి కాదు. అందుకే పల్లెలో చేయించుకున్న ముక్కుపుడక మీద ఏ ముద్రా ఉండదు. ఎవరు చేశారని అడిగితే మాత్రం ఆ ఇంటి జేజి కంసాలి పేరూ చెబుతుంది, వాళ్ల నాయన పేరూ చెబుతుంది.