శాలువాలు చాలు, పెద్దవాళ్ళకి పని చెప్పండి

హోసూరులో అయినా కోయంబత్తూరులో అయినా మన ఉగాది సభల వరస ఒక్కటే. ముందు కుర్చీల్లో పెద్దవాళ్ళు, ఒక్కొక్కరికీ ఒక శాలువా, ఒక ఫోటో. తర్వాత సినిమా పాటకి పిల్లల డాన్సు, ఆపైన భోజనాలు. పెద్దల్నీ పిల్లల్నీ కలపడానికే ఇదంతా అంటాం. కానీ అంతసేపట్లో ఏ మనవడికీ ఏ అవ్వనీ ఒక్క ప్రశ్న అడగాల్సిన అవసరం రాదు. ఒకే హాల్లో కూర్చోబెడితే కలిపినట్టా?

తంజావూరు జిల్లా మెలట్టూరు సంగతి చూడండి. అక్కడ నరసింహ జయంతికి భాగవత మేళం ఆడతారు. త్యాగరాజస్వామి కాలంనాటి వెంకటరామశాస్త్రి గారు తెలుగులో రాసిన నాటకాలు అవి. ఆడేవాళ్ళు ఆ ఊరి కుటుంబాలవాళ్ళే, తండ్రి తర్వాత కొడుకు. ఉద్యోగాలు వేరే ఊళ్ళల్లో, ఇంట్లో మాట తమిళం. అయినా తెలుగు దరువులు తప్పు లేకుండా పాడతారు. ఎందుకంటే వేషం కావాలంటే ఇదివరకు ఆ వేషం కట్టినాయన దగ్గర కూర్చుని నేర్చుకోవాలి, వేరే దారి లేదు. (ఆడవేషాలూ మగవాళ్ళే కడతారు, ఆడపిల్లలకి చోటు లేదు. అది మాత్రం నాకు నచ్చదు.)

మనందరం నాటకాలు ఆడాలని కాదు. మన ఇళ్ళల్లోనూ అలాంటి అవసరం ఒకటి ఉంది, మనమే చూడటంలేదు. తమిళనాడు బళ్ళలో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున 2015-16కి పదో తరగతి దాకా వచ్చింది. తమిళం రావడం మంచిదే. అయితే ఇప్పుడు మన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. తాతలేమో తెలుగు చదువుతారు, కరెంటు ఆఫీసు నుంచి తమిళంలో కాగితం వస్తే మనవడి కోసం ఎదురుచూస్తారు. ఒకరికి రాని అక్షరం ఇంకొకరికి వచ్చు. దీన్ని మించిన జోడీ ఏం కావాలి?

నెలకో ఆదివారం రెండు గంటలు చాలు. ట్రంకు పెట్టెలోని పాత ఉత్తరాలు, లగ్న పత్రికలు, జమాఖర్చు పుస్తకాలు తీయండి. తాత చదువుతాడు, మనవరాలు ఫోన్లో రికార్డు చేసి టైపు చేస్తుంది. పాత కాగితాలు సగం గొలుసుకట్టు రాతలో ఉంటాయి. అచ్చు పుస్తకంతో తెలుగు నేర్చుకున్నవాళ్ళకి కూడా అది కొరుకుడు పడదు. ఆ రాత చదివేవాళ్ళు మన బంధువుల్లో వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళు పోతే ఆ పెట్టెలో ఉన్నది చిత్తు కాగితాలే.

పిల్లలకి ట్యూషన్లు, టైం ఎక్కడుందంటారు. డాన్సు ప్రాక్టీసుకి నెల రోజులు ఎలా దొరుకుతోంది మరి? పెద్దవాళ్ళ సంకోచం మాత్రం నిజమైనదే. భూమి పత్రాలు, అప్పు నోట్లు నలుగురిలో చదవాలంటే ఎవరికైనా ఇబ్బందే. అవి పక్కన పెట్టి ఉత్తరాలతో మొదలుపెడదాం.

వచ్చే ఉగాదికి శాలువాల డబ్బుతో ఒక స్కానరు కొనమని మా సంఘంవాళ్ళకి చెప్పాను. ఆలోచిస్తామన్నారు. కుర్చీల్లో కూర్చోవాల్సిన పెద్దవాళ్ళలో ఇద్దరు మాత్రం ఏ ఆదివారమో చెప్పు, కళ్ళద్దాలు తెచ్చుకుంటాం అన్నారు.